ఊరును కాపాడుటయు కైంకర్యమే

శ్రియఃపతియైన శ్రీమన్నారాయణుడు సర్వవ్యాపి. అణువునందును ఆకాశమునందును నిండియున్న ఆ స్వామికి ప్రత్యేకముగా ఒక ఊరెందులకు? ఒక గుడి, ఒక వీథి, ఒక కోనేరు ఎందులకు? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పిళ్లైలోకాచార్యులవారు తమ శ్రీవచనభూషణమున దీనికి నీటి పోలికతో సమాధానము చెప్పియున్నారు. అంతర్యామియైన భగవంతుడు భూమి లోపలి జలము వంటివాడు. ఉన్నాడు గాని త్రవ్వనేర్చినవానికే అందును. పరమపదనాథుడు బ్రహ్మాండమునకు ఆవలనున్న జలము వంటివాడు. క్షీరాబ్ధినాథుడు పాలసముద్రము వంటివాడు. ఉన్నదని విందుమే గాని అక్కడికి చేరలేము. రామకృష్ణాద్యవతారములు వరద వచ్చిన ఏరు వంటివి. ఆ కాలమున ఆ ఒడ్డున ఉన్నవారు తరించిరి. ఆ ఏరు పారిపోవుచు మిగిల్చిన మడుగులే అర్చావతారములు. దప్పిగొన్నవాడు ఎప్పుడు వచ్చినను దోసిలి పట్టి త్రాగవచ్చును.

ఈ పోలిక కడప జిల్లావారికి బోధపడినంత సులభముగా మరెవ్వరికిని బోధపడదు. వేసవిలో పెన్నానది ఇసుకమేటలుగా కనుపించును. నడచిపోవువానికి అందు నీరున్నదన్న నమ్మిక కలుగదు. అయినను ఎక్కడ చెలమ త్రవ్విన నీరూరునో, ఏ మలుపులో మడుగు నిలుచునో ఆ ఊరివారికి తెలియును. జమ్ము మొలచిన మడుగు ఉండుటచేతనే తమ ఊరికి జమ్మలమడుగు అను పేరు వచ్చినదని అచటి పెద్దలు చెప్పుదురు. అట్టి మడుగు ఒడ్డుననే నారాపుర వేంకటేశ్వరస్వామి కొలువై యున్నాడు. నీరు నిలిచినచోట ఊరు నిలుచును. ఊరు నిలిచినచోట స్వామి నిలుచును. కనుక మడుగును పాడుచేసికొనినవాడు దప్పికే కాదు, దర్శనమునకును దూరమగును. నేడు మనము విచారింపవలసిన విషయ మిదియే.

మూడు ఊళ్లు, మూడు ఏళ్లు

పెన్న, చిత్రావతి, పాపఘ్ని - ఈ మూడు నదులును కర్ణాటకమందలి నందికొండల ప్రాంతమున జనించినవి. ఒక పుట్టింటి అక్కచెల్లెండ్ర వలె వేర్వేరు త్రోవలబట్టి వచ్చి, ఈ జిల్లాలో మరల కలిసికొనుచున్నవి. చిత్రావతి గండికోటకు ఎగువన పెన్నను చేరును. పాపఘ్ని వేంపల్లె మీదుగా వచ్చి కమలాపురము దాపున పెన్నలో కలియును. ఈ మూడింటి నడుమ, వీని ఆధారముతో బ్రతుకు మూడు పట్టణములు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల.

ప్రొద్దుటూరు వర్తకమునకు పేరుపొందినది. బంగారము, ప్రత్తి, వస్త్రము అచట చేతులు మారును. దసరా ఉత్సవములు కన్నులపండువుగా సాగును. అగస్త్యేశ్వరుడు, కన్యకాపరమేశ్వరి అచట వెలసియున్నారు. పెన్న ఒడ్డున ముక్తిరామేశ్వరము కలదు. శ్రీరామచంద్రుడే అచట శివలింగమును ప్రతిష్ఠించెనని స్థలపురాణము. శ్రీవైష్ణవ వంశమున జన్మించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవమును ఆ అగస్త్యేశ్వరుని సన్నిధిలోనే రచించిరని చెప్పుదురు. ఒక ఊరు తనయందు నివసించినవారి హృదయమును ఎంత విశాలము చేయగలదో చెప్పుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

పులివెందుల పేరులోనే పులి ఉన్నది. ఒకప్పుడు అచట అడవియే అని పెద్దల మాట. నేడు చీనీ, అరటి తోటలతో ఆ సీమ పచ్చనైనది. పట్టణమున శ్రీరంగనాథస్వామి కొలువున్నాడు. ఆ ప్రాంతముననే పాపఘ్ని కొండను చీల్చుకొని వచ్చుచోట గండిక్షేత్రము కలదు. లంకనుండి మరలివచ్చుచు శ్రీరాముడు వాయుదేవుని ఆతిథ్యము స్వీకరించి, తన బాణపు మొనతో రాతిమీద ఆంజనేయుని రూపము గీచెనని అచటి స్థలపురాణము. శ్రావణమాసమున వేలాది భక్తులు ఆ వీరాంజనేయుని సేవింపవత్తురు.

జమ్మలమడుగు సమీపమున ఎర్రమల కొండలను పెన్న చీల్చినచోట గండికోట కలదు. కోటలో మాధవరాయస్వామి ఆలయము, శ్రీరంగనాథస్వామి ఆలయము కలవు. పెమ్మసానివారు ఏలిన ఆ దుర్గమును 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొనెను. నేడు ఆ గుడులలో మూలమూర్తి లేడు. మాధవరాయస్వామి మైదుకూరునకు తరలివచ్చి అచట పూజలందుకొనుచున్నాడని ఈ సీమవారి విశ్వాసము.

ఇల్లు విడిచిన స్వామి

స్వామికే ఇల్లు విడువవలసిన పరిస్థితి వచ్చునా అని ఎవరైనను ఆశ్చర్యపడవచ్చును. శ్రీరంగమున అట్లే జరిగినది. 1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగముపై వచ్చి పడినవి. అప్పుడు ముదిమిపైబడిన లోకాచార్యులవారు, మడుగు పోలికను మనకు ప్రసాదించిన ఆ మహానుభావులే, ఉత్సవమూర్తిని వెంటనిడికొని అడవులబట్టి దక్షిణమునకు తరలిరి. త్రోవలోనే జ్యోతిష్కుడి అను పల్లెలో ఆయన పరమపదించిరి. స్వామి మాత్రము ఊరూరు తిరిగెను. పాండ్యదేశము, కేరళము, కర్ణాటకము దాటి తుదకు తిరుమల చేరెను. తిరుమలలోని రంగనాయకుల మండపము నేటికిని ఆ అతిథి వసించిన కాలమును గుర్తుచేయుచున్నది. విజయనగర ప్రభువుల కాలమున, 1371లో, గోపణార్యుడు స్వామిని మరల శ్రీరంగమునకు వేంచేపుచేసెను. అనగా రమారమి నలువదియెనిమిది సంవత్సరములు శ్రీరంగనాథుడు నిర్వాసితుడు.

అప్పుడొక చిక్కు వచ్చెను. ఈ లోపల శ్రీరంగమున మరియొక ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించి సేవించుచున్నారు. ఇప్పుడు వచ్చిన మూర్తియే మొదటి స్వామి అని చెప్పగలవారెవరు? ఒక తరము గతించినది. ఎరిగిన అర్చకులు లేరు. వ్రాతలు చెదరిపోయినవి. అప్పుడు వృద్ధుడైన ఒక చాకలి ముందునకు వచ్చెను. అతనికి కన్నులు కనుపించవు. ఒకప్పుడు స్వామివారి వస్త్రములు ఉతికినవాడు. ఇరువురు మూర్తులకును తిరుమంజనము చేసి, తడిసిన వస్త్రముల నీటిని తనకు తీర్థముగా నిమ్మనెను. పుచ్చుకొని, ఒక మూర్తిని చూపి, ఈయనయే మన పెరుమాళ్ అని చెప్పెను. ఆ నాటినుండియే స్వామికి నంపెరుమాళ్ అను పేరు స్థిరపడినదని సంప్రదాయము చెప్పును.

భక్తులారా! ఈ కథను మనము చాకలివాని భక్తికి ఉదాహరణముగా మాత్రమే చెప్పుకొందుము. అందు మరియొక ధర్మమును ఉన్నది. రాజుగారి పత్రములలో ఆ వృద్ధుని పేరు లేదు. అతనికి మాన్యముగాని మిరాసీగాని ఉండెనో లేదో మనకు తెలియదు. అయినను ఊరి గుర్తు ఎవరియందు నిలిచెను? అతనియందే. ఊరనగా రాళ్లు, గోడలు, ఎకరములు మాత్రమే కాదు. ఎన్నడును లెక్కలోనికి రానివారి చేతులలో, నోళ్లలో, పాదములలో ఉండు తెలివియును ఊరే. ఈ మాటను మనస్సున ఉంచుకొని ఇప్పటి సంగతికి వత్తము.

నీరు వచ్చినది

కడప జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును ఒక ఏడు కురిసి మూడేడులు మొగము చాటువేయును. ఈ సీమవారు తరతరములుగా వానకై ఎదురుచూచినవారు. వారికి నీరు తెచ్చుట కంటె పుణ్యకార్యము లేదు. గాలేరు-నగరి సుజల స్రవంతి పథకములో భాగముగా గండికోట చెంత పెన్నపై జలాశయము కట్టిరి. శ్రీశైలమునుండి బయలుదేరిన కృష్ణాజలములు పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా కొండలో సొరంగము దాటి ఇచటికి వచ్చుచున్నవి. ఈ జలాశయములో 26.85 టి.ఎం.సి.ల నీరు పట్టును. అనగా 2,685 కోట్ల ఘనపుటడుగులు.

ఇచటినుండి నీటిని యంత్రములతో ఎత్తి పైడిపాళెము జలాశయమునకును, చిత్రావతి జలాశయమునకును పంపుచున్నారు. పులివెందుల సీమలోని చీనీ చెట్లకు ఆ నీరు ప్రాణము పోయుచున్నది. దిగువన మైలవరము జలాశయము కలదు. దానినుండి విడిచిన నీరు పెన్న ఇసుకలో ఇంకి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు సాగి దాహము తీర్చుచున్నది. మూడు ఊళ్లును నేడు ఒకే పాత్రనుండి త్రాగుచున్నవి. ఇది నిజముగా భగవత్కటాక్షమే. ఇందులకై శ్రమించిన ఇంజనీర్లును, కూలీలును మనకు వందనీయులు.

కాని ఆ పాత్ర అడుగున ఏమున్నదో మనము తలంపవలదా? జలాశయము నిండుటకు ఇరువదికి పైగా గ్రామములు నీట మునుగవలసివచ్చినది. కొండాపురము మండలములోని తాళ్లప్రొద్దుటూరు వాటిలో ఒకటి. 2020లో నీటిమట్టమును పెంచినప్పుడు ఆ ఊరి వీథులలోనికి నీరు వచ్చినది. అచటివారు ఇండ్లు విడిచి పునరావాస కాలనీలకును, ఎక్కడ తావు దొరకిన అచటికిని తరలిపోయిరి. ప్రొద్దుటూరు పేరును తన పేరులో దాచుకొన్న ఆ ఊరు మునిగినది. ఆ నీటిలో కొంత ప్రొద్దుటూరు కడవలలోనికి వచ్చుచున్నది. ఈ సంబంధమును ఏ పత్రములోనైనను వ్రాయకపోవచ్చును. భగవంతుని లెక్కలో మాత్రము వ్రాసియే యుండును.

ఇచట ఒక భక్తుడు లేచి, స్వామీ! ఊరనగా ఏమున్నది? పరిహారము ఇచ్చిరి గదా, వేరొకచోట ఇల్లు కట్టుకొనవచ్చును గదా, దేహమే శాశ్వతము కానప్పుడు ఊరు శాశ్వతమా అని అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. వైరాగ్యము మనకు చెప్పినదే. అయితే వైరాగ్యము మన విషయమున చెప్పుకొనవలసినదే గాని, ఎదుటివాని నష్టమునకు సమాధానముగా చెప్పదగినది కాదు. నా యిల్లు పోయినప్పుడు నేను అనిత్యమని అనుకొందును గాక. పొరుగువాని యిల్లు పోయినప్పుడు అనిత్యమని నేనన్నచో అది వేదాంతము కాదు, కాఠిన్యము.

శ్రీరామచంద్రుని చూడుడు. రాజ్యమును తృణముగా విడిచినవాడు ఆయన. కైకేయిపై కోపింపలేదు, సింహాసనమును తిరిగి చూడలేదు. అయినను కోసలదేశపు పొలిమేర దాటువేళ అయోధ్యవైపు తిరిగి, చేతులు జోడించి, ఆ నగరమును, దానిని కాపాడు దేవతలను వీడ్కోలడిగెనని వాల్మీకి మహర్షి చెప్పెను. రాజ్యమును విడుచుట ఆయనకు సులభమైనది. ఊరికి నమస్కరింపక పోవుట ఆయనవలన కాలేదు. ఊరికి చేతులెత్తి మ్రొక్కుట మోహము కాదని, అది కృతజ్ఞత అని దీనివలన తెలియుచున్నది.

శ్రీకృష్ణుడును అంతియే. వ్రేపల్లెవారు ఇంద్రునికి యజ్ఞము చేయబోవుచుండగా బాలకృష్ణుడు వారిని వారించి, మనము అడవిలో, కొండదాపున, ఆవులతో బ్రతుకువారము. మనలను నిలుపునది ఈ గోవర్ధనము. దీనినే పూజింతము అని బోధించెను. దూరముననున్న ఆకాశమునుండి వచ్చు వానను మాత్రమే కాక, ఆ వానను పట్టి నిలుపు తమ కొండను, తమ పచ్చికను గుర్తెరుగుమని ఆ బోధకు అర్థము. వరద వచ్చినప్పుడు ఆ కొండయే వారికి గొడుగైనది. తన ఊరి కొండను, చెరువును, మేతబీడును కాపాడుకొన్నవానికి అవియే ఆపదలో గొడుగులు.

గండి పడకుండ

ఈ జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు కట్టమీది శాసనము ఎన్నదగినది. 1369లో, బుక్కరాయల కుమారుడును ఉదయగిరి రాజ్యపాలకుడును అయిన భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పని జరిగినదని ఆ శాసనము చెప్పుచున్నది. అది అంతటితో ఆగలేదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములు ఉండవలెనని, ఆరు దోషములు ఉండరాదని విడమరచి చెప్పినది.

ఆ పండ్రెండు అంగములలో మొదటిది ఏదని తలంతురు? రాయి కాదు, మన్ను కాదు, నీరును కాదు. ధర్మాత్ముడైన ప్రభువు. రెండవది నీటి శాస్త్రము తెలిసినవాడు. తరువాతనే గట్టినేల, తీయని నీరుగల ఏరు, కొండల నడుమ కట్ట, లోతైన విశాలమైన గర్భము మొదలైనవి. పని నేర్చిన కూలివాండ్రను గూడ ఒక అంగముగా లెక్కించిరి. ఆరు దోషములలో కట్టనుండి నీరు కారుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట, గర్భము నడుమ మిట్ట యుండుట చెప్పిరి. తక్కిన రెండు దోషములు నేటి మనకొరకే చెప్పినట్లున్నవి. నీరు తక్కువగానుండి తడుపవలసిన నేల మిక్కిలిగా నుండుట ఒకటి. నీరు ఎక్కువయై నేల కొంచెమగుట రెండవది. ఉన్నదానికి మించి ఆశపడుట దోషమనియు, ఉన్నదానిని వాడుకొన నేర్వకపోవుటయు దోషమే అనియు ఆరున్నర శతాబ్దములకు పూర్వమే ఈ జిల్లావారు రాతిమీద చెక్కించిరి.

గండి అను మాటను గమనింపుడు. గండికోటలో ఉన్నది అదే మాట. వీరాంజనేయుని గండియు అదే మాట. నది వేలాది సంవత్సరములు ఓపికతో కొండను కోసి త్రోవ చేసికొన్నచో దానిని గండి అందుము, అది క్షేత్రమైనది. చెరువుకట్ట ఒక రాత్రిలో తెగినను గండి పడెననియే అందుము, అది ఉపద్రవము. మాట ఒకటియే, ఫలము వేరు. ఓపికతో, చుట్టునున్నదానిని ఎరిగి చేసిన మార్పు క్షేత్రమగును. తొందరతో, ఎవరు దిగువనున్నారో చూడక చేసిన మార్పు వరదయగును. అభివృద్ధిని కూడ ఈ కొలతతోనే కొలువవలెను. అభివృద్ధి వద్దని నేను చెప్పుటలేదు. చెరువు కట్టించుట, వనము నాటుట, ఆలయము నిలుపుట, అగ్రహారము నెలకొల్పుట సప్తసంతానములలో చేర్చినవారు మన పెద్దలు. కన్నకొడుకుతో సమానముగా చెరువును ఎంచిరనగా, కొడుకును కని విడిచిపెట్టక పెంచవలసినట్లు చెరువును కట్టి విడిచిపెట్టక పెంచవలెనని భావము.

ప్రాత అక్షరము, క్రొత్త వెలుగు

ఎర్రగుంట్ల సమీపమున కలమళ్ల అను గ్రామము కలదు. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు వేయించిన శాసనము అచటి చెన్నకేశవాలయ ప్రాంగణమున దొరకినది. రమారమి 575వ సంవత్సరపుదని పండితుల నిర్ణయము. తెలుగు భాషలో మనకు లభించిన తొలి శాసనముగా దానిని గౌరవించుచున్నారు. ఆ గ్రామము చెంతనే నేడు రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము కలదు. 1994 నుండి అచట విద్యుత్తు పుట్టుచున్నది. తొలి అక్షరమును, నేటి దీపమును ఒకే ఊరు ఇచ్చినది. ఇంటింట దీపము వెలుగుచున్నది గాని, ఆ దీపపు వెలుగులో కలమళ్ల పేరును చదువుకొను పిల్లలెందరు? దీపమును వద్దనవలసిన పని లేదు. దీపము వచ్చినదని అక్షరమును మరువవలసిన పనియును లేదు.

గండికోట విషయమును ఇట్టిదే. ఆ లోయను చూచుటకు దేశము నలుమూలలనుండి జనులు వచ్చుచున్నారు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో దానిని పోల్చుచున్నారు. 2024లో కేంద్రప్రభుత్వము గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. సంతోషము. పోలికవలన పేరు వచ్చిన రావచ్చును. కాని గండికోటకు తన పేరు చాలును. లోయను చూచి మరలిపోవువానికి అది ఒక దృశ్యము. మూర్తి లేని మాధవరాయని గర్భాలయము ముందు ఒక నిమిషము నిలిచి, ఇచట ఒకప్పుడు గంట మ్రోగినది, పల్లకి కదలినది అని తలంచువానికి అది ఒక ఊరు. వచ్చువారికి ఈ రెండవ చూపును అలవరచుట ఆ చుట్టుప్రక్కల ఊళ్లవారి భారము. అది వారి హక్కును కూడ.

మనము చేయదగినది

ఊరి సేవ ప్రభువులదే అని ఊరకుండుట తగదు. భాగవతులైనవారు చేయదగినది చాల కలదు.

మొదటిది ఋణము తలంచుట. చిత్రావతి నీటితో తోట తడుపుకొను రైతును, పెన్న నీటితో వంట చేసికొను ఇల్లాలును ముంపు గ్రామములవారిని అన్యులుగా చూడరాదు. వారు మన ఊరికి వచ్చినప్పుడు, అద్దె యింటికై అడిగినప్పుడు, పనికై నిలిచినప్పుడు, వీరు మనకు నీరిచ్చినవారు అను మాట మన నోట రావలెను. భూమిగలవానికి పరిహారపు లెక్క ఉండును. చాకలి, మంగలి, కుమ్మరి, కౌలుదారు, కూలి - వీరికి ఊరే ఆస్తి. పది యిండ్లతోడి వరుస, కళ్లములో కొలిచిన మేర, పండుగనాటి పిలుపు. వీనికి వెలకట్టు కాగితము లేదు. శ్రీరంగనాథుని గుర్తుపట్టిన వృద్ధుడు ఈ వరుసలోనివాడే. వీరికి సాయపడునప్పుడు దానము చేయుచున్నామని తలంపక, అప్పు తీర్చుచున్నామని తలంపవలెను.

రెండవది పేరును నిలుపుట. మునిగిన ఊరి పేరు కాలనీలో ఒక సంఖ్యగా మారిపోరాదు. ఆ ఊరి గ్రామదేవత జాతర, భజనకూటము, శ్రీరామనవమి పందిరి ఎక్కడికి చేరినను ఆ ఊరి పేరుతోనే జరుపవలెను. ఇరుగుపొరుగు దేవాలయములవారు తమ ప్రాంగణమున వారికి ఒక దినము ఇచ్చినచో అంతకుమించిన అతిథిపూజ లేదు. తిరుమల శ్రీరంగనాథునికి మండపము ఇచ్చినది గదా! ఆ మండపము స్వామి వెడలిపోయిన తరువాత కూడ ఆయన పేరుతోనే నిలిచినది. అతిథి పేరును అతిథేయుడు కాపాడుట మన సంప్రదాయము.

మూడవది పెద్దలనడిగి వ్రాసి యుంచుట. ఏ చేనికి ఏ పేరు, ఏ బావి తీయనిది, ఏ చెట్టుక్రింద పంచాయతీ జరుగును, ఏ బండపై ఉట్టి కొట్టుదురు - ఇవి తెలిసినవారు దినదినము తరిగిపోవుచున్నారు. బడికి పోవు పిల్లవాడు తన అవ్వ చెంత కూర్చుండి, అవ్వా! మన ఊరిలో మనమెక్కడ నీళ్లు తోడుకొనెడివారము అని అడిగి వ్రాసికొన్నచో, అది ఒక పారాయణముతో సమానము. ఆ వ్రాతను ఆలయములో ఒక ప్రతిగా ఉంచుడు.

నాల్గవది ఉన్న నీటిని, ఉన్న ఇసుకను కాపాడుట. పెన్న ఇసుక మనము తోడుకొను ధనము కాదు. నీటిని దాచి పెట్టు పెట్టె. ఇసుక పోయినచోట చెలమ ఊరదు. బోరు మీద బోరు త్రవ్వుచు పోవుటకంటె, చెట్టు మొదటికి చుక్కచుక్కగా నీరిచ్చు పద్ధతిని అవలంబించినచో పొరుగువాని బావికి కొంత మిగులును. వానకాలమునకు ముందు ఊరి చెరువు పూడిక తీయుటకు ఇంటికొకరు పోయినచో అది కైంకర్యము కాదా? శ్రావణమాసమున గండిక్షేత్రమునకు పోవు యాత్రికులు పాపఘ్నిలో ప్లాస్టిక్ సంచులను, ప్రాతబట్టలను విడువక మరలివచ్చినచో వీరాంజనేయుడు ఆకుపూజ కంటె మిన్నగా సంతసించును. పాపమును పోగొట్టునది అని పేరున్న నదికి మన పాపమును చేర్చుట న్యాయము కాదు.

ఐదవది, క్రొత్తగా ఏది కట్టదలచినను పోరుమామిళ్ల పెద్దల వలె ముందుగానే దోషములను లెక్కించుట. ఈ కట్టడమువలన దిగువన నుండువారెవరు? ఎగువన మునుగువారెవరు? మన మనుమల కాలమున దీని పూడికను తీయువారెవరు? ఈ మూడు ప్రశ్నలు అడుగుటకు అధికారము అక్కరలేదు. గ్రామసభలో లేచి నిలుచు ధైర్యమున్న చాలును. భక్తుడైనవాడు ఊరకుండుటకై కాక, పదిమంది తరఫున అడుగుటకై ఆ ధైర్యమును స్వామివద్ద ప్రార్థింపవలెను.

ఫలశ్రుతి

లోకాచార్యులవారు పరమపదించిన నాటికి స్వామి మరల శ్రీరంగము చేరునని చెప్పగలవారు లేరు. ఆయన చూచినది అడవి, వాన, పారిపోవు జనము. అయినను స్వామిని విడువలేదు. తమ తరువాత మోయువారు ఉందురని నమ్మిరి. ఒకరి భుజమునుండి మరియొకరి భుజమునకు మారి, నలువది యెనిమిది సంవత్సరములకు ఆ మూర్తి ఇల్లు చేరినది. మునిగిన ఊళ్లు మరల తేలవు. ఆ మాటను దాచవలసిన పని లేదు. కాని ఊరిని మోయువారున్నంతవరకు ఊరు పోలేదు. వీథులు నీటి అడుగునకు పోయినను, వరుసలు, పిలుపులు, పండుగలు, పేర్లు భుజముల మీద నడచి రాగలవు. వానికి తావిచ్చుట మన పని.

ఈ మాసమున నారాపుర వేంకటేశ్వరుని సేవకు పోవువారు దర్శనము ముగించుకొని ఒకసారి పెన్న ఒడ్డునకు పోయి నిలువుడు. ఆ నీటికి చేతులు జోడించి, దాని అడుగున ఉన్న ఊళ్లను తలంచి, శ్రీరాముడు అయోధ్యకు చేసిన నమస్కారమును వానికి చేయుడు. ఇంటికి వచ్చి కడవనుండి నీరు ముంచుకొనునప్పుడు ఆ నమస్కారము జ్ఞప్తికి వచ్చినచో, మీ యిల్లే ఆ ఊళ్లకు మండపమైనట్లు.

పులివెందుల శ్రీరంగనాథుని కటాక్షమువలన ఈ సీమ చెరువులు నిండుగాక! గండి వీరాంజనేయుని బలము కట్టలకు కలుగుగాక! ఇల్లు విడిచినవారికి ఇల్లును, ఇల్లున్నవారికి వారిని పిలుచు మనస్సును శ్రీమన్నారాయణుడు ప్రసాదించుగాక అని ప్రార్థించుచు విరమించుచున్నాను.

మంగళం మహత్.